ఇంటివాడెవరు, చుట్టమెవరు?

మొన్నామధ్య ఒక ఫ్రెండ్ ఫోన్ చేశాడు. "విండోస్ బదులు లినక్స్ లినక్స్ అని ఊదరగొడతావు కదరా, వేసి చూశాను. ఏముంది అందులో? విండో జరిపితే జిగురు అంటుకున్నట్టు వస్తోంది. వీడియో పెడితే ఫ్యాన్ మోత. తీసిపారేశాను" అన్నాడు. ఎక్కడ వేశావురా అంటే వర్చువల్ మెషీన్‌లో, అంటే విండోస్ లోపలే సాఫ్ట్‌వేర్‌తో కట్టిన ఉత్తుత్తి కంప్యూటర్‌లో అన్నాడు. ర్యామ్ ఎంత ఇచ్చావంటే 2 జీబీ. కోర్లు? ఒకటి. వాడి ల్యాప్‌టాప్‌లో ఉన్నదే 8 జీబీ. అందులో విండోస్, దాని మీద ముప్ఫై ట్యాబులతో బ్రౌజర్, ఆ రెండింటి మధ్య ముడుచుకుని కూర్చున్న లినక్స్.

"కాపురానికి వచ్చినవాణ్ని అరుగు మీద చాపేసి కూర్చోబెట్టి, నాలుగు రోజులయ్యాక వీడికి సంసారం చేతకాదని పంపేశావు" అన్నాను. నవ్వాడు గానీ ఒప్పుకోలేదు.

ఒక కంప్యూటర్‌లో రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు కావాలనుకునేవాళ్లు మొదట అడిగేది ఏ సాఫ్ట్‌వేర్ మంచిది, ఫ్రీదా డబ్బులదా అని. అది తర్వాత సంగతి. ముందు తేల్చుకోవాల్సింది ఎవరు హోస్ట్, ఎవరు గెస్ట్ అన్నది. అసలు మెషీన్ మీద నేరుగా ఉండేది హోస్ట్, ఇంటివాడు. దాని లోపల వర్చువల్ మెషీన్‌లో ఉండేది గెస్ట్, చుట్టం. నేను చూసినంతలో చాలామంది దీన్ని తలకిందులుగా పెట్టుకుంటారు. రోజంతా ఉండాలనుకునేదాన్ని గెస్ట్ చేస్తారు, నెలకి రెండుసార్లు పనిపడేదాన్ని హోస్ట్‌గా ఉంచుకుంటారు. నేనూ రెండేళ్లు అలాగే అవస్థపడ్డాను.

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నల్ కూడా అలాంటి కత్తే. మెమరీ అంతా తనదే, డిస్క్ తనదే, ప్రాసెసర్‌ని ఎప్పుడు ఎవరికివ్వాలో చెప్పేది తనే అనుకుని నడిచే ప్రోగ్రామ్ అది. అలాంటివి రెండు ఒకే చిప్ మీదకి ఎక్కిస్తే కొట్టుకుచస్తాయి. హైపర్‌వైజర్ అనేది వచ్చి, రెండోదానికి వేరే ఒర ఉన్నట్టు నమ్మిస్తుంది. గెస్ట్ కెర్నల్ అధికారం చూపించబోయిన ప్రతిచోటా ప్రాసెసర్ దాన్ని ఆపి హైపర్‌వైజర్‌కి కబురు పెడుతుంది. హైపర్‌వైజర్ ఆ పని అయిపోయినట్టు లెక్క చూపించి, సరే పద అంటుంది. ఇక మామూలు లెక్కలూ లూపులూ అంటారా, అవన్నీ నేరుగా అసలు చిప్ మీదే నడుస్తాయి. మధ్యవర్తి ఎవరూ ఉండరు.

ఈ కిటుకు పాతదే. 1960లలోనే ఐబీఎం వాళ్ల కేంబ్రిడ్జ్ ల్యాబ్‌లో (ఇంగ్లండ్‌లోది కాదు, మసాచుసెట్స్‌లోది) ఒక పెద్ద మెయిన్‌ఫ్రేమ్‌ని ముక్కలు చేసి, వాడే ప్రతివాడికీ మెషీన్ మొత్తం తనదే అనిపించేలా నడిపారు. అదే 1972లో వీఎం/370 అనే పేరుతో బయటికొచ్చింది. 1974లో పోపెక్, గోల్డ్‌బర్గ్ అనే ఇద్దరు, ఒక ప్రాసెసర్ మీద ఈ పని సరిగ్గా జరగాలంటే అది ఎలా ఉండాలో షరతు రాసిపెట్టారు. చిక్కేంటంటే, మన బల్లల మీదకి వచ్చిన ఇంటెల్ తరహా చిప్‌లు ఆ షరతుకి నిలవలేదు. పాప్‌ఎఫ్ అని ఒక ఇన్‌స్ట్రక్షన్ ఉంది. ఇంటరప్ట్‌లు (పరికరాలు ప్రాసెసర్‌ని పిలిచే సంకేతాలు) రావాలా వద్దా అనే ఫ్లాగ్‌ని దాంతో మార్చొచ్చు. అధికారం లేనివాడు ఆ పని చెయ్యబోతే చిప్ ఏం చెయ్యాలి? అడ్డుపడి కబురు పెట్టాలి. ఇది అలా చెయ్యదు. ఫ్లాగ్ మార్చదు, మార్చలేదని చెప్పదు, ఏమీ ఎరగనట్టు తర్వాతి ఇన్‌స్ట్రక్షన్‌కి వెళ్లిపోతుంది. గెస్ట్ ఏమో మారిందనుకుంటుంది. హైపర్‌వైజర్‌కి అసలు సంగతే తెలియదు.

1999లో వీఎంవేర్ వాళ్లు దీన్ని దాటిన తీరు చూస్తే ఇప్పటికీ ముచ్చటేస్తుంది. గెస్ట్ కెర్నల్ కోడ్‌ని నడుస్తుండగానే చదువుతూ, అలాంటి దొంగ ఇన్‌స్ట్రక్షన్లు కనిపించినచోటల్లా వేరే కోడ్ పెట్టి తిరగరాస్తూ పోయారు. 2005 చివర్లో ఇంటెల్, 2006లో ఏఎమ్‌డీ చిప్‌లోనే దీనికి తోడ్పాటు పెట్టాక ఆ తిప్పలు తగ్గాయి. 2007 ఫిబ్రవరిలో వచ్చిన లినక్స్ కెర్నల్ 2.6.20లో కేవీఎమ్ అనే హైపర్‌వైజర్ చేరింది, అలా హైపర్‌వైజర్ కెర్నల్‌లోనే ఒక భాగమైపోయింది. ఆ చిప్ సదుపాయాన్ని బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ అవగానే మొదట లేచే సెట్టింగుల ప్రోగ్రామ్) ఆపేసి పెట్టిన కంప్యూటర్లు ఇప్పటికీ తగులుతుంటాయి. వీటీ-ఎక్స్ (ఇంటెల్ చిప్‌లో ఆ సదుపాయం పేరు) డిసేబుల్ అయిందని ఎర్రర్ వస్తే కంగారుపడకండి, బయోస్‌లోకి వెళ్లి ఆన్ చేస్తే చాలు.

మరి లెక్కలన్నీ అసలు చిప్ మీదే నడుస్తుంటే నా ఫ్రెండ్ విండో ఎందుకు జిగురులా కదిలింది?

గెస్ట్‌కి నిజంగా దక్కేది ప్రాసెసర్, కొంత మెమరీ. అంతే. మిగతావన్నీ బొమ్మలు. గ్రాఫిక్స్ కార్డు బొమ్మ, సౌండ్ కార్డు బొమ్మ, నెట్‌వర్క్ కార్డు బొమ్మ. మీ ల్యాప్‌టాప్‌లో ఎంత గొప్ప గ్రాఫిక్స్ చిప్ ఉన్నా గెస్ట్‌కి కనిపించేది ఒక వర్చువల్ డిస్‌ప్లే అడాప్టర్. త్రీడీ తోడ్పాటు సరిగ్గా అందకపోతే, డెస్క్‌టాప్‌లో ప్రతి నీడనీ ప్రతి కదలికనీ ప్రాసెసరే కూర్చుని గియ్యాలి. వాడిచ్చిన ఒక్క కోర్ పాపం అదే పనిలో ఉంది. ఇంకో సంగతి కూడా ఉంది. విండోస్‌లో హైపర్-వీ (మైక్రోసాఫ్ట్ సొంత హైపర్‌వైజర్) ఆన్‌లో ఉంటే, వర్చువల్ మెషీన్లు నడిపే వర్చువల్‌బాక్స్ అనే ప్రోగ్రామ్‌కి చిప్ సదుపాయం నేరుగా దొరకదు, హైపర్-వీ ద్వారా వెళ్లాలి. అప్పుడు విండో అడుగున పచ్చటి తాబేలు బొమ్మ కనిపిస్తుంది. ఆ బొమ్మ పెట్టినవాడెవరో గానీ, అంత నిజాయితీ నేను ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ చూడలేదు. నా ఫ్రెండ్‌ని స్క్రీన్‌షాట్ పంపమంటే, ఉంది. తాబేలు.

కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ మనకి పడుతుందో లేదో చూడ్డానికే చాలామంది వర్చువల్ మెషీన్ వాడతారు, నా అభ్యంతరం అక్కడే. మెనూలు నచ్చాయా, కావలసిన సాఫ్ట్‌వేర్ దొరుకుతోందా, అప్‌డేట్లు ఎలా వస్తాయి, వీటికి మాత్రం సరిగ్గానే జవాబు దొరుకుతుంది. కానీ ల్యాప్‌టాప్ మార్చేవాడికి నిద్ర పట్టనివ్వని ప్రశ్నలు వేరే. వైఫై పనిచేస్తుందా? మూత వేస్తే పడుకుని, తీస్తే లేస్తుందా? బ్యాటరీ ఎంతసేపు వస్తుంది? వీటి గురించి గెస్ట్‌ని అడిగి లాభం లేదు. అది మీ వైఫై కార్డుని ఏనాడూ చూడలేదు. హోస్ట్ వైఫైలో ఉన్నా గెస్ట్‌కి కనిపించేది తీగ తగిలించిన నెట్‌వర్క్ కార్డే. అందుకే వర్చువల్ మెషీన్‌లో లినక్స్ బ్రహ్మాండంగా నడిచిందని నమ్మి, డిస్క్ తుడిచి వేసుకుని, వైఫై రాక తల పట్టుకున్నవాళ్లున్నారు. వాళ్లలో నేనొకణ్ని. హార్డ్‌వేర్ సంగతి తెలియాలంటే పెన్ డ్రైవ్ మీంచే, ఇన్‌స్టాల్ చెయ్యకుండా (దీన్నే లైవ్ అంటారు) బూట్ చేసి ఒక సాయంత్రం వాడాలి. డిస్క్‌ని ముట్టుకోనక్కర్లేదు.

రాజీలన్నీ గెస్టే పడుతుంది. ట్రాక్‌ప్యాడ్ మీద మూడువేళ్ల సైగలు హోస్ట్ పట్టేసుకుంటుంది. స్క్రీన్ స్కేలింగ్ ఒకచోట బాగుంటే ఇంకోచోట అక్షరాలు మసకబారతాయి. రాత్రి మూత వేసి పొద్దున్న తీస్తే గెస్ట్ గడియారం ఇంకా రాత్రి 11:40 దగ్గరే ఉంటుంది, బ్రౌజర్ ఏమో సర్టిఫికెట్లు చెల్లవని గోల పెడుతుంది. ఇవేవీ పెద్దవి కావు. నెలకి రెండుసార్లు వచ్చే చుట్టానికి ఇవి లెక్కే కాదు. రోజుకి పది గంటలు అక్కడే కూర్చునేవాడికి మాత్రం చెప్పులో రాయి.

నేను మారింది ఎలాగంటే, ఒక తెల్లకాయితం డెస్క్ మీద పెట్టుకున్నాను. అప్పట్లో విండోస్ హోస్ట్, లినక్స్ గెస్ట్. మూడు వారాలపాటు, విండోస్ తప్ప ఇంకోదానితో కుదరని పని వచ్చినప్పుడల్లా ఒక గీత గీశాను. ఏడు గీతలు తేలాయి. ఐదు, మాక్రోలున్న ఒక ఎక్సెల్ ఫైలు కోసం. రెండు, నా పాత స్కానర్ కోసం. ఏడు గీతల కోసం రోజంతా లినక్స్‌ని కిటికీలోంచి చూస్తూ పనిచేస్తున్నానన్నమాట. ఆ వారాంతమే తిప్పేశాను. లినక్స్ అసలు మెషీన్ మీదకి, విండోస్ కేవీఎమ్ లోపలికి.

సాఫీగా జరగలేదులెండి. వర్చువల్ డిస్క్‌కి విర్ట్‌ఐఓ అనే పద్ధతి ఎంచుకున్నాను. మిగతా పద్ధతుల్లో హైపర్‌వైజర్ ఏదో పాత డిస్క్ కంట్రోలర్‌లా నటిస్తుంది, గెస్ట్ దాన్ని నమ్మి మాట్లాడుతుంది, ఆ నాటకానికే బోలెడు టైమ్ పోతుంది. విర్ట్‌ఐఓలో నాటకం ఉండదు. గెస్ట్‌కి తాను గెస్ట్‌నని తెలుసు, సూటిగా అడుగుతుంది. తెలియడం సరే, దానికి తగ్గ డ్రైవర్ (పరికరంతో మాట్లాడే చిన్న ప్రోగ్రామ్) ఉండాలి కదా. విండోస్ ఇన్‌స్టాలర్ "ఎక్కడ వెయ్యాలి?" అని అడిగే తెర వచ్చింది. కింద డిస్కుల జాబితా ఖాళీ. ఒక్కటంటే ఒక్కటి లేదు. 80 జీబీ ఇచ్చాను, ఎక్కడికి పోయిందని అరగంట వెతికాను. చివరికి తేలిందేంటంటే, విర్ట్‌ఐఓ డ్రైవర్లున్న ఐఎస్ఓ ఫైల్‌ని (సీడీకి నకలు లాంటిది) రెండో సీడీ డ్రైవ్‌గా తగిలించాలి. అదే తెర మీద లోడ్ డ్రైవర్ నొక్కి, అందులో వయోస్టోర్ అనే ఫోల్డర్‌లోకి వెళ్లి, మన విండోస్ వెర్షన్‌ది ఎంచుకోవాలి. నొక్కగానే డిస్క్ ప్రత్యక్షం. ఈ ఒక్కచోట ఆగిపోయి, కేవీఎమ్ మనవల్ల కాదని వదిలేసేవాళ్లు ఎంతమందో.

స్కానర్ కథ ఇంకా తమాషా. దాని డ్రైవర్ 32 బిట్ విండోస్ 7తో ఆగిపోయింది. 64 బిట్ విండోస్ 32 బిట్ డ్రైవర్‌ని దగ్గరకి రానివ్వదు కాబట్టి కొత్త విండోస్‌లో అది ఇటుకతో సమానం. విండోస్ 7కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2020 జనవరి 14తో ముగిసింది, దాన్ని నెట్‌కి తగిలించడం తెలివైన పని కాదు. అందుకని 32 బిట్ విండోస్ 7తో ఇంకో చిన్న గెస్ట్ చేసి, నెట్‌వర్క్ కార్డే తీసేసి, యూఎస్‌బీ ద్వారా స్కానర్ని దానికి అప్పగించాను. ఒక్కసారి లైటు కదిలింది, టక్కున ఆగిపోయింది. మళ్లీ పెట్టాను, మళ్లీ అంతే. ఓ గంట కుస్తీ పట్టాక అర్థమైంది. ఈ స్కానర్ మొదట ఒక ఐడీతో పలకరిస్తుంది, డ్రైవర్ దానిలోకి ఫర్మ్‌వేర్ (స్కానర్ లోపల నడిచే ప్రోగ్రామ్) ఎక్కించగానే ఒకసారి ఊడిపోయి కొత్త ఐడీతో మళ్లీ వస్తుంది. నేను అప్పగించింది పాత ఐడీని. కొత్త పేరుతో వచ్చినవాణ్ని హోస్ట్ లాగేసుకుంటోంది. రెండో ఐడీ కూడా జాబితాలో చేర్చాక ఇక నోరెత్తలేదు. పారెయ్యాల్సిన సామాను ఇన్నేళ్ల తర్వాత కూడా పనిచేస్తోందంటే అది వర్చువల్ మెషీన్ చలవే. నా దృష్టిలో దీన్ని మించిన ఉపయోగం దానికి లేదు.

చుట్టం చిన్నగదిలోనే ఉన్నా ఇంటిని ఇబ్బంది పెట్టే దారులు దానికి తెలుసు. మొదటిది డిస్క్. వర్చువల్ డిస్క్ అంటే హోస్ట్ మీద ఒక ఫైలు. గెస్ట్ రాసేకొద్దీ పెరుగుతుంది. లోపల ఫైళ్లు తుడిచినంత మాత్రాన అదంతటది తగ్గదు. నా విండోస్ లోపల చూస్తే 31 జీబీ వాడుకలో ఉందంటుంది, బయట ఫైలు చూస్తే 74. గెస్ట్ తుడిచిన సంగతి కిందకి చేరేలా డిస్కార్డ్ సెట్టింగ్ పెట్టుకుంటే కొంత నయం, నేనది పెట్టుకోలేదు.

రెండోది స్నాప్‌షాట్, అంటే గెస్ట్ ఆ క్షణాన ఉన్న స్థితిని దాచుకోవడం. వీటి రుచి మరిగితే వదలడం కష్టం. ఏదైనా పాడుచేసే ముందు ఒక స్నాప్‌షాట్, పాడయ్యాక ఒక్క నొక్కు, ఏమీ జరగనట్టే. నేను పదకొండు దాచాను, "ఇది చివరిది", "ఇది నిజంగా చివరిది" లాంటి పేర్లతో. స్నాప్‌షాట్ తీశాక మార్పులన్నీ పక్కన విడిగా పేరుకుంటూ పోతాయి. ఒకరోజు ఎక్సెల్ ఫైలు సగంలో ఉండగా గెస్ట్ బిగుసుకుపోయింది. హోస్ట్ డిస్క్ నిండి, రాయడానికి చోటు లేక హైపర్‌వైజర్ దాన్ని నిలబెట్టేసింది. నేను టెన్షన్‌లో చోటు కోసం స్నాప్‌షాట్ ఫైలొకటి చేత్తో డిలీట్ చేశాను. దాని తర్వాతవన్నీ దాని మీదే ఆనుకుని ఉన్నాయన్న సంగతి ఆ క్షణాన గుర్తులేదు. మొత్తం గెస్ట్ పోయింది. స్నాప్‌షాట్లే బ్యాకప్ అనుకున్నాను కాబట్టి వేరే కాపీ లేదు. ఇందులో ఎవర్నీ అనడానికి లేదు, పూర్తిగా నా నిర్వాకం. ఇప్పుడు నెలకోసారి గెస్ట్‌ని షట్‌డౌన్ చేసి, ఆ ఫైలు మొత్తాన్ని ఇంకో డిస్క్ మీదకి కాపీ చేస్తున్నాను.

మూడోది భద్రత మీద గుడ్డినమ్మకం. అనుమానం ఉన్న ఫైలేదైనా గెస్ట్‌లో తెరిస్తే చాలు, హోస్ట్‌కి ఢోకా లేదంటారు. చాలావరకు నిజమే. కానీ 2015లో వెనమ్ అని ఒక లోపం బయటపడింది. ఎక్కడో తెలుసా, గెస్ట్‌కి ఈ బొమ్మ పరికరాలు తయారుచేసిపెట్టే క్యూఈఎమ్‌యూ అనే ప్రోగ్రామ్‌లోని వర్చువల్ ఫ్లాపీ డ్రైవ్ కోడ్‌లో. ఫ్లాపీలు ఎప్పుడో పోయాయి, వాటి బొమ్మ మాత్రం 2004 నుంచి అక్కడే కూర్చుని ఉంది. దాని ద్వారా గెస్ట్‌లోంచి హోస్ట్‌లోకి చొరబడే వీలుండింది. బొమ్మలు ఎంత ఎక్కువైతే అంత ప్రమాదం, అందుకే వాడని పరికరాలు తీసెయ్యాలి. కానీ మామూలు వాడకందారుకి ఇంత దూరం అక్కర్లేదు. షేర్డ్ ఫోల్డర్ చాలు. హోస్ట్ డాక్యుమెంట్ల ఫోల్డర్ మొత్తాన్ని రాసే హక్కుతో సహా గెస్ట్‌కి ఇచ్చేసి, గెస్ట్‌లో తెలియని ఫైళ్లు తెరిచేవాళ్లని చూశాను. అక్కడ ర్యాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బులడిగే ప్రోగ్రామ్) పడితే దానికి హైపర్‌వైజర్ని బద్దలుకొట్టే పని లేదు. తలుపు తెరిచే ఉంది.

ఇంత గొడవెందుకు, రెండూ డిస్క్ మీద వేసుకుని ఆన్ చేసేటప్పుడు ఒకటి ఎంచుకునే డ్యూయల్ బూట్ పెట్టుకోవచ్చు కదా అంటారా? వేగం కావాలంటే దాన్ని మించింది లేదు, ఒప్పుకుంటాను. కానీ ఒక ఎక్సెల్ ఫైలు కోసం తెరిచినవన్నీ మూసి, రీస్టార్ట్ చేసి, పని చూసుకుని, మళ్లీ రీస్టార్ట్ చెయ్యాలి. నేను వారంలోనే విసిగిపోయి, విండోస్‌లోకి వెళ్లిన రోజు అక్కడే ఉండిపోయేవాణ్ని. పైగా రెండూ ఒకే బూట్ వ్యవస్థని పంచుకుంటాయి. 2024 ఆగస్టులో వచ్చిన విండోస్ సెక్యూరిటీ అప్‌డేట్ తర్వాత చాలా డ్యూయల్ బూట్ మెషీన్లలో లినక్స్ లేవనని మొండికేసింది.

నా మాట అన్నిచోట్లా చెల్లదు. వీడియో ఎడిటింగ్, త్రీడీ పని, ఆటలు మీ రోజులో ఎక్కువ భాగమైతే, ఆ సాఫ్ట్‌వేర్ ఏ ఆపరేటింగ్ సిస్టమ్‌లో బాగా నడుస్తుందో అదే హోస్ట్ కావాలి, మారుమాట లేదు. కొన్ని ఆన్‌లైన్ ఆటల్లో మోసాన్ని పట్టే ప్రోగ్రామ్‌లు, ఇంట్లోంచి రాసే పరీక్షల సాఫ్ట్‌వేర్‌లు వర్చువల్ మెషీన్ అని పసిగట్టగానే తలుపేసేస్తాయి. టెర్మినల్, నాలుగు డెవలప్‌మెంట్ టూల్స్ కోసమే లినక్స్ కావాలంటే విండోస్‌లోనే లినక్స్‌ని నడిపే మైక్రోసాఫ్ట్ సదుపాయం డబ్ల్యూఎస్ఎల్ 2 సరిపోతుంది. దాని లోపల ఉన్నదీ వర్చువల్ మెషీనే, అసలైన లినక్స్ కెర్నలే. ఇక్కడో మెలిక ఉంది. హైపర్-వీ ఆన్ చేసినప్పుడు మనం హోస్ట్ అనుకుంటున్న విండోస్ కూడా హైపర్‌వైజర్ మీదే నడుస్తుంది, కాకపోతే పెత్తనం దానిది. నేను పెట్టుకున్న ఇల్లు, చుట్టం పోలిక అక్కడ కాస్త కుంటుతుంది.

మ్యాక్ వాళ్లకి వేరే లెక్క. 2020 నవంబర్‌లో యాపిల్ సొంత చిప్ ఎమ్1 వచ్చాక మ్యాక్‌లు ఇంటెల్ నుంచి, వేరే ఇన్‌స్ట్రక్షన్లు వాడే ఆర్మ్ తరహా చిప్‌లకి మారాయి. వర్చువలైజేషన్‌లో గెస్ట్ కోడ్ అసలు చిప్ మీదే నడవాలి కదా, అందుకని గెస్ట్ కూడా ఆర్మ్‌దే అయ్యుండాలి. పాత ఇంటెల్ విండోస్ కావాలంటే ప్రతి ఇన్‌స్ట్రక్షన్నీ అనువదించే ఎమ్యులేషన్ తప్పదు, అది నత్తనడక. ఆర్మ్ విండోస్ వేసి, ఇంటెల్ ప్రోగ్రామ్‌ల అనువాదాన్ని ఆ విండోస్‌కే వదిలేస్తే చాలావరకు బాగానే నడుస్తాయి. డ్రైవర్లు మాత్రం అలా కుదరవు. నా స్కానర్‌లాంటిది ఉంటే ఒక పాత ఇంటెల్ మెషీన్ని దాచుకోండి.

ర్యామ్ గురించి ఒక్కమాట. విండోస్ 11కి కనీసం 4 జీబీ అని మైక్రోసాఫ్టే అంటోంది, హాయిగా నడవాలంటే 8 ఇవ్వాలి. అంటే మెషీన్‌లో 16 ఉండాలి. 8 జీబీ ల్యాప్‌టాప్‌లో ఏది హోస్ట్, ఏది గెస్ట్ అనే చర్చే దండగ, అక్కడ ఇద్దరికీ చోటు లేదు. విండోస్ గెస్ట్‌కి లైసెన్స్ కూడా విడిగా ఉండాలి, ఇది చాలామంది మర్చిపోతారు.

ఫ్రెండ్ సంగతికొస్తే, వాడికి 8 జీబీయే కాబట్టి ముందు ఇంకో 8 వేయించుకోమన్నాను. లైవ్ పెన్ డ్రైవ్ తయారుచేసి ఇచ్చాను. ఒక సాయంత్రం వాడి చూశాడు. విండోలు జారుతున్నాయట, వైఫై వచ్చింది, మూత తీస్తే లేచింది, వేలిముద్ర రీడర్ మాత్రం పలకలేదు. వెంటనే మార్చెయ్యనా అన్నాడు. వద్దు, ముందు ఒక కాయితం పెట్టుకో అన్నాను. నిన్న రాత్రి ఫొటో పంపాడు. కరెంటు బిల్లు వెనకవైపు గీతలు గీస్తున్నాడు. రెండో వారానికి నాలుగయ్యాయి, నాలుగూ ఒకే ప్రోగ్రామ్ కోసం.